లక్క జారే దిక్కు

మా అక్క మంచం పట్టిన రోజుల్లో మా ఇల్లు నేలకు ఆనుకోనట్టే ఉండేది. ఉప్పుగూడ స్టేషన్ దిక్కు రైలు పోతుంటే మంచం కోళ్లు సన్నగా అదిరేవి. అక్క కళ్లు మూసుకొని, "చెల్లె, మంచం లేస్తున్నదే" అనేది. ఎక్కడికి లేస్తదంటే, "ఏమో, నువ్వైతే పట్టుకో" అని నవ్వేది. నేను నిజంగానే మంచం పట్టీ పట్టుకొని కూర్చునేదాన్ని. పైన ఫ్యాను తిరిగేది. గుమ్మం పరదా లేచి చాలాసేపటి దాకా దిగేది కాదు.

అక్క బాత్‌రూంలో జారి పడ్డది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో రాడ్ వేసి పంపిన్రు. పంపేటప్పుడు డాక్టరు, రోజూ నిలబెట్టాలె, నడిపించాలె అని చెప్పిండు. మేము తలూపినం. ఇంటికి వచ్చినంక మాత్రం, విరిగిన ఎముక మీద బరువు పెట్టమన్న ఆ మాట మా మనసుకు ఎక్కలేదు. మా గల్లీలో కాలు విరిగిన మనిషిని కాలు కింద పెట్టనియ్యరు. ప్రేమంటే మాకు అదే. నీళ్లు మంచం దగ్గరికే, పళ్లెం ఒళ్లోకే, దువ్వెన కూడా చేతికే. పక్కింటి ఆపా రెండు రోజులకోసారి మేక కాళ్ల పాయా చేసి తెచ్చేది.

"పీలో బహన్, హడ్డీ లోహా హో జాతీ" అని, తాగితే ఎముక ఇనుములాగైతదని చెప్పి గిన్నె మూత తీసి, మళ్లీ నా దిక్కు తిరిగి, "కాలు కింద పెట్టనిస్తివా, నీతోని మాట్లాడ చూడు" అనేది.

లక్క గాజుల పని మా అక్కచెల్లెళ్లకు నేర్పింది ఈ ఆపానే. నేను పెనిమిటి పోయి అక్క దగ్గరికి వచ్చిన ఏడు మొదలుపెట్టినం. చార్మినార్ దగ్గర గాజుల దుకాణానికి చేసి ఇచ్చేటోళ్లం. నేల మీద ఎదురెదురుగా కూర్చుంటం, నడుమ బొగ్గుల కుంపటి, పక్కన నున్నటి బండ. కర్రకు పట్టించిన లక్కను నిప్పు మీద తిప్పుతనే ఉండాలె. తిప్పుడు ఆపితే అది కిందికి జారి, తీగలాగ సాగి, నిప్పుల్లో పడి పొగైతది. మెత్తబడ్డంక బండ మీద పెట్టి చెక్కతో ఒత్తి తాడులాగ చెయ్యాలె, దాన్ని వంచితేనే గాజు. ఆ ఒత్తుడుకు చేతి బలం సరిపోదు, ఒంటి బరువు భుజాల మీదుగా దిగి రావాలె. అది అక్క పని. నేను రాళ్లు పొదిగేదాన్ని.

ఆపరేషన్ అయిన మనిషి నేల మీద కూర్చోవద్దన్నరు. నేల మీద కూర్చోకుంటే లక్క పని లేదు. లక్క పని లేకుంటే లేచి ఏం చెయ్యాలె? అక్క ఈ మాట పైకి అనలేదు. గోడ దిక్కు తిరిగి పడుకునుడులోనే నాకు అర్థమైంది.

మధ్యాహ్నాలు ఆమె చెయ్యి పైకెత్తి వెలుగులో చూసుకునేది. చెయ్యి సన్నబడ్డది. గాజులు మణికట్టు నుంచి జారి మోచేతి దాకా పోయేవి. చెయ్యి దించకుండా అట్లనే ఆ గాజులను చూసేది.

వ్యాయామం చేయించే అమ్మాయి ఒకామె వారంలో కొన్ని రోజులు వచ్చేది. వాళ్లది కోస్తా దిక్కు. మాటలు మెత్తగా ఉండేవి, చేతులు మాత్రం గట్టివి. ఒకరోజు అక్క పిక్కను రెండు చేతులతో పట్టుకొని ఒత్తి చూసింది.

"పెద్దమ్మగారూ, కండ కరిగిపోతోందండి. ఇంకొన్నాళ్లు ఇలాగే పడుకుంటే నేను వచ్చినా, ఎవరొచ్చినా లేపలేం. అంతరిక్షంలో ఉండి వచ్చినవాళ్ల కాళ్లు కూడా ఇలాగే అవుతాయి."

"నేనేడికి పోయిన బిడ్డా? ఉప్పుగూడ గేటు గూడ దాటలె."

"మంచమే చాలండి. అందర్నీ పైకి పంపలేరు కదా, అందుకని శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు డబ్బిచ్చి, వారాల తరబడి మంచం మీదే ఉంచి చూస్తారు. తల కొంచెం కిందికి, కాళ్లు పైకి. ఎముకకు ఏమవుతుందో, మళ్లీ ఎలా నిలబెట్టాలో అలా తెలుసుకుంటారు. మాలాంటి వాళ్లకు పనికొచ్చేది అదే."

"పండుకునుడే నౌకరీయా? గా నౌకరీ ముందుగాల మాకు చెప్పకపోతివి!"

ముగ్గురం నవ్వినం. కానీ ఆ పిల్ల పోయేటప్పుడు గుమ్మంలో నాతో, "నిలబడటానికి ఆవిడకు ఏదో ఒక కారణం కావాలండి. నా మాట సరిపోవడం లేదు" అన్నది.

నేను అక్షరాలు నేర్చింది తల నెరిసినంక. మా బస్తీ హాలులో సాయంత్రం క్లాసులు పెడితే, మొదట సంతకం కోసం పోయిన, ఆ తర్వాత ఇష్టం కొద్దీ పోయిన. ఆ పిల్ల చెప్పిన అంతరిక్షం సంగతి అక్కడి టీచరును అడిగితే, పిల్లల సైన్సు పుస్తకం ఒకటి వెతికి ఇచ్చింది. అంతరిక్షంలో ప్రయోగశాల గురించి బొమ్మలతో ఉన్నది. అప్పటి నుంచి పగటి అన్నాలైనంక అక్క మంచం పక్కన కూర్చొని చదివేదాన్ని. ఒక్కో వాక్యానికి రైలు ఒకటి పోయేటంత సేపు పట్టేది. అక్కకు తొందర లేదు. నాకూ లేదు.

అక్కడ దీపం మంటకు మొన ఉండదట, గుండ్రంగా గోళీలాగ ఉంటదట. నీళ్లు ఒలికితే ఉండకట్టి గాల్లోనే నిలబడతయట. విత్తనం మొలిస్తే వేరుకు కింద ఏది, పైన ఏది తెల్వక ఎటో ఒక దిక్కు పోతదట. మందులకు పనికొచ్చే, పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలు నేల మీదికంటే సాఫుగా పెరుగుతయట. చదువుతుంటే మా గదిలో కూడా అన్నీ లేచేవి. చాయ్ కప్పులోంచి చాయ్ గుండ్రంగా బయటికి వచ్చేది. గూట్లో రంగురాళ్లు మెల్లగా లేచి ఫ్యాను చుట్టూ తిరిగేవి. అక్క కండ్లలో కూడా అవే కనబడుతున్నయని నాకు అనిపించేది.

"గాడ గాజులు ఏసుకుంటే చేతికి ఏడ నిలుస్తయే?" అన్నది అక్క ఒకసారి.

"ఎక్కడ పెడితే అక్కడనే ఉంటయేమో."

"మంచిగనే ఉంటది అయితే."

ఇంకో రోజు, అక్కడ బరువు ఎందుకు తెల్వదో రాసిన పేజీ వచ్చింది. ఆ ప్రయోగశాల ఎప్పుడూ భూమి దిక్కు పడుతనే ఉంటదట. అడ్డంగా మస్తు జోరుగా పోతుంటది కాబట్టి, ఎంత పడ్డా నేల అందదట. లోపలి మనుషులు కూడా దానితో పాటే పడుతుంటరట. అందుకే తేలుతున్నట్టు ఉంటదట.

అక్క ఫ్యాను దిక్కు చూసింది.

"నేను గూడ గట్లనే ఉన్ననే. బాత్‌రూంల కాలు జారిన కాడికెళ్లి పడుతనే ఉన్న. ఇంకా నేల తగుల్తలేదు."

నా వేలు పుస్తకం మీదనే ఆగిపోయింది. ఆమెకు నొప్పి ఎక్కువనుకున్న. బద్ధకమనుకున్న. లోపల ఇన్నాళ్లూ పడుతున్నదని నాకు తెల్వదు. పేజీ తిప్పి చదువుకుంట పోయిన. బరువు మొయ్యని ఎముక పలుచబడతదని, అందుకే పైనున్నోళ్లు సాగే పట్టీలు కట్టుకొని, తమను తామే కిందికి గుంజుకొని రోజూ పరుగెత్తుతరని ఉన్నది. పక్కనే బొమ్మ. ఒకామె బల్ల ముందర నిలబడి ఏదో పనిచేస్తున్నది. గాల్లోకి పోకుండా రెండు పాదాలు నేల మీది పట్టీల్లో దూర్చింది.

"తేలెటోళ్లు గూడ నిలబడే పని చేస్తరా?" అక్క మెడ ఎత్తి చూసింది. "కూసోరా?"

"అక్కడ కూర్చునుడు, నిలబడుడు ఒక్కటేనట అక్కా."

ఆ మాట అని, నేను వంటింటి గట్టు దిక్కు చూసిన.

తెల్లారి బండను గట్టు మీదికి ఎక్కించిన. పక్కన కుంపటి పెట్టిన. ఆపా బొగ్గులు ఇయ్యడానికి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకున్నది.

"యే క్యా తమాషా? నిలబడి లక్క చేస్తరా? మా అమ్మ, నానీ జమానా నుంచి నేల మీద కూసొనే చేస్తున్నం. కుంపటికి గూడ నవ్వొస్తది!"

"నవ్వనీ ఆపా. బొగ్గులైతే అంటుకుంటయి కదా?"

గొణుక్కుంటనే తనే ఊది అంటించింది.

వ్యాయామం అమ్మాయి వచ్చి గట్టు దిక్కు చూసింది. అక్క నడుముకు మందపాటి పట్టీ కట్టి వెనక నుంచి పట్టుకున్నది. "పైనున్నవాళ్లకు కిందికి లాగే పట్టీ, మీకేమో ఆపే పట్టీ. రండి పెద్దమ్మగారూ" అన్నది. అక్క దవాఖానలో ఇచ్చిన వాకర్‌ను రెండు చేతులతో బిగపట్టి గట్టు దాకా వచ్చింది. వేళ్ల కణుపులు తెల్లబడ్డయి.

"చూస్త, గంతే. నేనేం చెయ్య."

"చూడు. ఎవరు చెయ్యమన్నరు?"

నేను కర్ర తీసుకొని లక్కను నిప్పు మీద తిప్పుడు మొదలుపెట్టిన. కానీ నా కండ్లు కర్ర మీద లేవు. చీర కుచ్చిళ్లు అదురుతున్నయి, వాటి వెనక ఆమె మోకాళ్లు. అవే చూస్తున్న. నా చెయ్యి ఎప్పుడు ఆగిందో నాకు తెల్వదు. లక్క ఎర్రగా మెరిసి, బొట్టై, సాగుడు మొదలుపెట్టింది. మెల్లగా, తేనె దిగినట్టు దిగుతున్నది.

"అగో, జారుతున్నది! తిప్పవే! ఏం చూస్తున్నవ్, తిప్పు!"

అక్క ఒక చెయ్యి వాకర్‌ను వదిలి నా చేతిలో కర్ర గుంజుకున్నది. ఒక్క చేత్తో లక్క మాట వినదు. రెండో చెయ్యి కూడా వచ్చింది. తిప్పి, పైకి లేపి, జారిన కొసను మళ్లీ ముద్దలో కలిపి బండ మీదికి తెచ్చింది. చెక్క తీసుకొని ఒంగి ఒత్తింది. భుజాల నుంచి బరువు దిగింది. అదే బరువు కిందికి, తుంటిలోకి, మోకాళ్లలోకి, మడమల దాకా దిగుతుంటే నేను చూసిన. వాకర్ పక్కన ఉత్తగా నిలబడి ఉన్నది.

ఆపా నోటి మీద కొంగు పెట్టుకున్నది. ఆ అమ్మాయి చేతిలో పట్టీ వదులుగా వేలాడింది. బయట రైలు పోయింది, గిన్నెలు సన్నగా మోగినయి.

"బండ ఊగుతున్నదే" అన్నది అక్క తలెత్తకుండా. "కింద గుడ్డ పెట్టు."

బండ ఊగలేదు. ఊగుతున్నది ఆమె కాళ్లు. నేను గుడ్డ మడిచి బండ కింద పెట్టిన.

"ఇప్పుడు బాగున్నదా?"

"ఊ. ఇప్పుడు ఆగింది."

ఒంగి ఒత్తుతుంటే మోచేతి దగ్గరి గాజులు ఒకదాని వెనక ఒకటి జారి మణికట్టుకు దిగినయి. ఒత్తినప్పుడల్లా బండకు తగిలి చప్పుడు చేసినయి.