హీటరుందా బాబూ

మస్కట్‌లో మంకీ క్యాపు దొరకదు. రువి బజారంతా తిరిగాను. క్రికెట్ టోపీ ఉంది, చేపలు పట్టేవాళ్ల టోపీ ఉంది, చెవులు పెట్టి కుట్టిన చిన్నపిల్లల టోపీ కూడా ఉంది. ముఖం బయటపెట్టి మిగతా తలంతా దాచేసే ఆ ఉన్ని సంచి మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఒక షాపతను "చలికోసమా?" అని అడిగి, బయట ఎండవైపు చూసి, మళ్లీ నావైపు చూశాడు. ఎందుకో చెప్పాలంటే నా పెళ్లికి ముందునుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కాదు, అప్పటికే అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు ఉన్నాయి, నా నెత్తిన జుట్టు కూడా ఉంది) అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తూ, మనిషికో ఫోర్ వీల్ డ్రైవ్ కారుంటే జీవితంలో స్థిరపడిపోయినట్టే అని నమ్మేవాణ్ణి. నా కారు అప్పటికే ముగ్గురు నలుగుర్ని స్థిరపరిచి నా దగ్గరికొచ్చింది. దాని ఏసీ మీట దగ్గర నీలంగీత అరిగిపోయి కనపడేది కాదు. ఎర్రగీత మాత్రం నిన్ననే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మెరుస్తుండేది. ఒమాన్‌లో కారుకి హీటరు, ఒంట్లో అపెండిక్సు లాంటిది. ఉందని తెలుసు, ఎందుకుందో తెలీదు, నొప్పి వచ్చేదాకా ఎవరూ తలుచుకోరు.

నాకు నొప్పి డిసెంబర్లో వచ్చింది. దార్సైట్‌లో ఉండే మా అక్క నాకొక సంబంధం చూసింది. ఏలూరు అమ్మాయి. వీడియో కాల్‌లో రెండుసార్లు మాట్లాడాను. రెండోసారి నా జోకుకి నవ్వలేదు, పైగా మొదటిసారీ ఇదే చెప్పారని గుర్తుచేసింది. నా మాటలు అంత శ్రద్ధగా విన్నవాళ్లు అప్పటిదాకా నాకు తగల్లేదు. ఇక వేరే సంబంధం వద్దనుకున్నాను. "మా పెదనాన్న సరే అంటే మా ఇంట్లో అందరూ సరే అన్నట్టేనండి. ఆయన మీవైపే వస్తున్నారు. ఆయనకి చలి పడదు, కాస్త చూసుకోండి" అంది. ఒమాన్‌లోనే షినాస్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వస్తూ, పనిలో పనిగా నన్నూ చూసి పోదామని పెదనాన్నగారి ఉద్దేశం. సోఫాలో కూర్చోబెడితే నాలో చూడదగ్గదేమీ కనిపించదని అక్కకి అనుమానం. అందుకని ఆయన్ని జబల్ అఖ్దర్ కొండ ఎక్కించి తీసుకురమ్మంది. కొండమీద గాలికి మనిషి మెత్తబడతాడని దాని లెక్క. సంగతి తెలిసి పెదనాన్నగారే నాకు ఫోన్ చేశారు. ఉద్యోగం గురించి అడగలేదు, చదువు గురించి అడగలేదు. "పైన బాగా చలటగా. కార్లో హీటరుందా బాబూ?" అన్నారు.

"ఉందండీ" అన్నాను. అబద్ధం కాదు. ఉంది.

ఫోన్ పెట్టేసి కిందికెళ్లి, ఆ మీటని మొదటిసారి ఎరుపువైపు తిప్పాను. చల్లగాలి వచ్చింది. ఏసీ కంటే కొంచెం బాగానే వచ్చింది.

బావని పిలిచాను. మా బావ చేసేది బ్యాంకు ఉద్యోగం గానీ, మా బంధువర్గంలో కార్లకి వైద్యుడు ఆయనే. మందు ఒక్కటే: ఇంజను ఆపి, కాసేపు గంభీరంగా కూర్చుని, మళ్లీ స్టార్ట్ చేయడం. అది చేశాం. తర్వాత ఒక్కొక్కటీ చూశాం. ఫ్యాను తిరుగుతోంది. మీట తిప్పితే లోపలి మూత టక్కున పడుతోంది. రేడియేటర్లో నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇంజను వేడి చూపించే ముల్లు ఉండాల్సినచోటే ఉంది. అంటే వేడీ ఉంది, గాలీ ఉంది, రెండూ కలుసుకోవడం లేదు.

"సంబంధం కుదరలేదన్నమాట" అన్నాడు బావ.

"బావా, ఆ మాట ఇప్పుడొద్దు."

ఇంజనులో కాగిన నీళ్లు ఒక గొట్టంలో వచ్చి, డ్యాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్లో తిరిగి, ఇంకో గొట్టంలో వెనక్కి పోవాలి. హీటరంటే అంతే. ఆ గొట్టాలు చేత్తో పట్టుకుంటే చుర్రుమనాలి. పట్టుకుందామంటే అక్కడ గొట్టాల్లేవు. ఇంజను దగ్గర బయల్దేరిన గొట్టం కాస్త దూరం వచ్చి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగి మళ్లీ ఇంజనులోకే వెళ్లిపోతోంది.

వాదీ కబీర్‌లో ఈ కారుని మొదట్నుంచీ చూస్తున్న మెకానిక్కుది కడప. అందరం భాయ్ అంటాం. బానెట్ ఎత్తి చూసి, తన చేతిపనిని గుర్తుపట్టి సంతోషించాడు. "నేనే తిప్పేసినా సార్. ముందున్న ఓనరు, కాళ్లకింద కార్పెట్టు తడుస్తాంది అన్యాడు. హీటరు లీకు. దానికోసరం డ్యాష్‌బోర్డంతా పీకల్లా. ఈ మస్కట్లో హీటరేం చేసుకుంటారని పైపు కలిపేసినా."

"నాకిప్పుడు కావాలి భాయ్."

"ఏం సార్, ఒంట్లో బాగలేదా?"

కొత్త హీటరు దుబాయ్ నుంచి రావాలట. పెదనాన్నగారు అంతకంటే ముందే వస్తున్నారు. చివరికి గొట్టాలు పాతచోట బిగించి, లీకు పూడ్చడానికి రేడియేటర్లో ఒక సీసా మందు పోశాడు భాయ్. ఒక్కటి చాలన్నాడు. అతను చేతులు కడుక్కోడానికి వెళ్లగానే బావ రెండోది కూడా పోసేశాడు. "మంచిదేగా బామ్మర్దీ, ఎక్కువైతే పోయేదేముంది" అన్నాడు. (మావాళ్లు నెయ్యి, మందు, సలహా ఈ కొలతలోనే వేస్తారు.) మిట్టమధ్యాహ్నం అద్దాలన్నీ బిగించుకుని, హీటరు పూర్తిగా తిప్పి, ముగ్గురం అందులో కూర్చున్నాం. వేడిగాలి వచ్చింది. కార్పెట్టు తడవలేదు, మేం తడిశాం. పక్క గ్యారేజీ అతను వచ్చి అద్దం మీద తట్టి "సబ్ ఠీక్ హై?" అన్నాడు. "ఫస్ట్ క్లాస్" అన్నాడు బావ, చొక్కాతో మొహం తుడుచుకుంటూ.

శుక్రవారం పొద్దున పెదనాన్నగారు స్వెటరు, మఫ్లరు, మంకీ క్యాపుతో నా పక్కసీట్లో కూర్చున్నారు. బావ వెనకాల. కొండ మొదట్లో, ఫోర్ వీల్ కార్లు మాత్రమే పైకి పంపే పోలీసు చెక్‌పోస్టు ఉంది. అక్కడి పోలీసు కారుకంటే పెదనాన్నగారినే ఎక్కువసేపు చూసి వదిలాడు. అక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. ఎత్తు మొదలవగానే ముల్లు కూడా కొండెక్కడం మొదలుపెట్టింది. కారు పక్కకి ఆపి భాయ్‌కి ఫోన్ చేశాను.

"ఎన్ని సీసాలు పోసినారు సార్?"

వెనక్కి తిరిగి బావని చూశాను. బావ లోయని చూస్తున్నాడు.

"రేడియేటరు గూడా పూడింటాది. ఒగ పని చెయ్యి. హీటరు ఫుల్లుగా పెట్టు, ఇంజను వేడి లోపలికి గుంజుకుంటాది. ఆపినావంటే బండి పోతాది."

"ఏమంటున్నాడు?" అన్నారు పెదనాన్నగారు.

"హీటరు వేసుకోమంటున్నాడండీ."

"మంచివాడిలా ఉన్నాడు. వెయ్యి."

వేశాను. ముల్లు దిగింది. మొదటి మలుపులో మఫ్లరు తీశారు. మూడో మలుపులో స్వెటరు తీశారు. "కాస్త తగ్గిస్తావా బాబూ" అన్నారు. "తగ్గిస్తే ఆగిపోతుందండీ" అన్నాను. ఆయన కొంచెం ఆలోచించి, "హీటరా?" అన్నారు. "కారండీ." ఆయన చొక్కా గుండీలు విప్పుకుని, మంకీ క్యాపు తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టి, అద్దం పూర్తిగా దించారు. కొండగాలి లోపలికొచ్చి, టోపీని తీసుకుని, వచ్చినదారినే వెళ్లిపోయింది. అది నింపాదిగా లోయలోకి దిగిపోతుంటే ముగ్గురం చూశాం.

"అది మా ఆవిడ అల్లింది" అన్నారు పెదనాన్నగారు.

"పైనుంచి వ్యూ చాలా బాగుంటుందండీ" అన్నాడు బావ.

పైకి చేరాక ఆయన బనీను మీద దిగి, రెయిలింగ్ పట్టుకుని, జీవితమంతా తప్పించుకు తిరిగిన ఆ చలిలో కళ్లు మూసుకుని నిలబడ్డారు. నా పెళ్లి ఆ లోయలోకే పోయిందనుకున్నాను. ఇంతలో ఏలూరు నుంచి ఆయనకి ఫోను. చెవి చెమటతో తడిసి ఉంది కాబట్టి స్పీకర్లో పెట్టారు. "కుర్రాడెలా ఉన్నాడన్నయ్యా?" అంది అవతల అమ్మాయి నాన్నగారి గొంతు. పెదనాన్నగారు నన్నొకసారి చూశారు. నా చొక్కా పిండితే బిందెడు నీళ్లొచ్చేలా ఉంది. "అడిగింది ఉందన్నాడు. ఉంది. మనం తట్టుకోలేనంత ఉంది" అన్నారు. నుదురు తుడుచుకుని, "ఇచ్చేయొచ్చు. ఆ కారు మాత్రం మార్పించండి" అన్నారు.

కారు మారింది. బావ మారలేదు. ఆ ఏలూరు అమ్మాయి ఇప్పుడు పక్కసీట్లో కూర్చుని, నేను జోకు మొదలుపెట్టేలోపే ముగింపు చెప్పేస్తుంది. ఒక కన్ను ముల్లుమీద, ఒక కన్ను పెదనాన్నగారి మొహంమీద పెట్టి కొండెక్కిన ఆ కుర్రాడు గుర్తొస్తే జాలేస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. ఒక్క మీట ఎరుపువైపు తిప్పితే జీవితం కుదిరిపోతుందని నేనిప్పుడు అంత నమ్మకంగా దేన్నీ తిప్పడం లేదు.

ఈ చలికాలం పెదనాన్నగారు మళ్లీ వస్తున్నారు. పోయినదానికి బదులు ఒకటి కొనిపెడదామని రువి అంతా తిరిగినా దొరకలేదని నిన్న ఫోన్లో ఆయనకి చెప్పుకున్నాను. ఆయన అంతా విని అన్నారు:

"టోపీ ఎందుకయ్యా. నీ కారెక్కితే అది ఎలాగూ తలమీద ఉండదు."