సార్ ప్రశ్నపత్రం, నా ఆంటాలజీ

ఆర్మూర్‌లో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వస్తున్న రోజుల్లో నేను అక్కడ డిగ్రీ చదివాను. మా డేటాబేస్ సార్ పెట్టిన ఇంటర్నల్ పరీక్షలో తప్పాను. క్లాసులో చెప్పనివే ఎక్కువగా అడిగాడు. ఆ మాట కనుక్కుందామని పసుపు పండించే మా బాపు మా ఊరు వేల్పూర్ నుంచి వస్తే, స్టాఫ్‌రూమ్‌లో అందరూ చూస్తుండగానే, "నీ బిడ్డకు కంప్యూటర్ ఎందుకయ్యా, పసుపు ఉడకబెట్టనీకి తోల్కపో" అన్నాడు. బాపు బయటికి వచ్చేశాడు.

పంతం పట్టి ఎంటెక్ చేశాను. ప్రాజెక్టుకు ఆంటాలజీ తీసుకున్నాను. ఒక కోర్సులో ఏయే విషయాలున్నాయో, ఏది దేనిలో భాగమో, ఏది తెలిస్తేగాని ఏది అర్థం కాదో కంప్యూటర్‌కు తెలిసేలా రాసిపెట్టడమే అది. ప్రశ్నపత్రం ఇస్తే, ఏ ప్రశ్న పాఠానికి బయట ఉందో పట్టి చూపిస్తుంది. ఏ కోర్సయినా ఎంచుకోమన్నాడు మా గైడ్. నేను డేటాబేస్ ఎంచుకున్నాను.

తర్వాత అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. సార్ అక్కడే ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పిల్లల నోట్సులు అడిగి తీసుకుని, ఆయన చెప్పిన పాఠాలన్నీ ఆంటాలజీలోకి ఎక్కించి, ఆయన ప్రశ్నపత్రాలతో పోల్చాను. సగానికి పైగా ప్రశ్నలు పాఠాలకు బయటే ఉన్నాయి. అవన్నీ సార్ ఇంట్లో ట్యూషన్‌లో చెప్పేవేనని అక్కడికి వెళ్లే పిల్లలే చెప్పారు.

ఆయనకు విడిగా చెప్పొచ్చు. చెప్పలేదు. స్టాఫ్ మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద చూపించాను. క్లాసులో చెప్పినవి పచ్చగా, చెప్పకుండా అడిగినవి ఎర్రగా. ప్రిన్సిపాల్ ఒక్కో ఎర్ర ప్రశ్నా చదివి, ఇది ఎప్పుడు చెప్పారని అడిగాడు. సార్ మొదట సిలబస్‌లో ఉందన్నాడు. తర్వాత తల దించుకున్నాడు. నేను కావాలనే మెల్లగా స్లైడ్లు మార్చాను.

బయట వరండాలో నన్ను ఆపాడు. "జర ముందుగాల నాకు చెప్తే ఏం పోయేది మేడం? గంత మందిల ఇజ్జత్ తీస్తిరి."

"మా బాపుది గూడ మీరు గంత మందిలనే తీసిండ్రు సార్."

ఎవరన్నట్టు చూశాడు. జరిగిందంతా చెప్పాను. అయినా ఆయనకు గుర్తు రాలేదు. మీటింగ్‌లో చల్లారిన కడుపు మళ్లీ మండింది.

ప్రశ్నపత్రాల పని ఆయన నుంచి తీసి నాకిచ్చారు. ట్యూషన్ పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. బాపుకు చెబితే, చదువు చెప్పినాయనను గట్ల చేయద్దుండె బిడ్డా అన్నాడు. ఇంటికి దగ్గర దారి వేరే ఉన్నా, ఆ ఏడాదంతా సార్ వాళ్ల వీధిలోంచే నడిచాను, ఆయన గుమ్మం ముందు పిల్లల చెప్పులు తగ్గిపోవడం చూసుకుంటూ.