నాలుగు ముళ్ల దారం

తాగ్మూంత్ కొండ మీద ఒకప్పుడు తుపాకీ లేని ఇల్లుండేది కాదు, బుసాద్ ఇల్లు తప్ప. విడ్డూరం ఏమిటంటే, ఆ తుపాకులన్నిటికీ మడమలు, అంటే భుజానికి ఆనే చెక్కలు, చెక్కింది ఆ బుసాదే. అతనికి ముందు వాళ్ల నాన్న.

కొట్లో కొన్న తుపాకీ అందరికీ సరిపోతుందని అమ్మేవాడంటాడు. అందరికీ సరిపోయేదంటే ఎవరికీ సరిపోనిదని అర్థం. పొడుగు మెడవాడికీ, పొట్టి చేతులవాడికీ, భుజం జారినవాడికీ ఒకే చెక్క అంటే అదెక్కడి న్యాయం? అందుకే ఎవరు తుపాకీ తెచ్చుకున్నా తిన్నగా బుసాద్ కొట్టుకి వచ్చి నిలబడేవాడు. వచ్చేటప్పుడు ఇంటి ఆడవాళ్ల మగ్గం నుంచి ఒక ఉన్ని దారం తెచ్చుకోవాలి, అది రివాజు. బుసాద్ ఆ దారాన్ని మనిషి మీద ఆనించి నాలుగు ముళ్లు వేసేవాడు. మోచేతి దగ్గర ఒకటి, మీట నొక్కే వేలి దగ్గర ఒకటి, దవడ ఎముక దగ్గర ఒకటి, కంటి దగ్గర ఒకటి. అంతే, మనిషి కొలత అయిపోయినట్టే. ఆ దారాన్ని గోడ మేకుకు తగిలించేవాడు. ఏ రంగు ఉన్ని ఏ ఇంటిదో అతనికి తెలుసు కాబట్టి పేర్లు రాసే బాధ లేదు.

మనిషి పోతే ఆ రోజే దారం తీసి పొయ్యిలో వేసేవాడు. పోయినవాడి కొలత బతికున్నవాళ్ల మధ్య వేలాడకూడదని వాళ్ల నాన్న చెప్పిన మాట.

బుసాద్‌కి మాత్రం దారం లేదు. తన కొలత తాను తీసుకోవడం ఎవడి తరమూ కాదు, కొలిచేందుకు ఇంకొకడుండాలి. నాన్నేమో ఇవాళ రేపు అంటూనే కన్నుమూశాడు. ఇక కొలవమని అడగాల్సినవాడు లేడు, అడగడం బుసాద్‌కి చేతా కాదు. అలా తుపాకీ లేకుండానే ఉండిపోయాడు.

అతనికున్న నేస్తం ఒక్కడే, మెజియాన్. ఫ్రాన్సు వెళ్లి ఇరవై ఏళ్లు ఇనుప కార్ఖానాలో పనిచేశాడు. అక్కడ ఒక జోడు గొట్టాల తుపాకీ సంపాదించుకున్నాడు, ఇనుప రవ్వ తగిలి కుడి కన్ను పోగొట్టుకున్నాడు. అలా ఒకటి చేతబట్టుకుని, ఒకటి వదిలేసి ఊరికొచ్చాడు.

"కుడి కన్ను లేనివాడికి తుపాకీ దేనికిరా, పొయ్యిలో పెట్టు," అన్నాడు కొట్లో కూలబడి.

"ఎడమ భుజానికి మార్చుకో."

"మార్చి చూశా. పిల్లల్నెత్తుకున్న మొగాడిలా ఉన్నా. ఏడుపొస్తోంది."

బుసాద్ అతన్ని నిలబెట్టి, ఎర్ర ఉన్ని దారం పట్టుకుని చుట్టూ తిరిగాడు. "కుడి భుజం మీదే పెట్టుకో. ఎడమ కంటితో చూద్దువుగాని."

"మెడ విరుగుద్దిరా సచ్చినోడా!"

"వంచేది నీ మెడని కాదెహె, చెక్కని."

వంచితే వంగేది కాదు అక్రోటు చెక్క. అందుకని పుట్టుకతోనే వంకరగా ఉన్న కొమ్మ కోసం బుసాద్ లోయలన్నీ గాలించాడు. మూడు నెలలు చెక్కాడు. మడమ భుజం దగ్గర మొదలై, దవడ కిందుగా పక్కకు తిరిగి, గొట్టాలు సరిగ్గా ఎడమ కంటి ముందుకొచ్చేలా కుదిరింది. దాన్ని చూసి ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. తాగిన తుపాకీ అని పేరు పెట్టారు. తర్వాతి వారం మెజియాన్ దానితో ఎనభై అడుగుల దూరంలో అడవిపందిని ఒక్క దెబ్బకు పడగొట్టాడు. ఆ దెబ్బకు నవ్వినోళ్ల నోళ్లు మూతపడ్డాయి.

ఆ రోజుల్లో సాయంత్రమైతే ఇద్దరూ కొట్టు గడప మీదే. ఎండు అంజూరాలు నములుతూ, లోకంలోని చట్టాలన్నిటికీ తీర్పులు చెప్పేవారు.

"ఫ్రాన్సులో మడమ ఎట్టా కావాలంటే అట్టా చెక్కుకో, ఎవడూ అడగడు. గొట్టం వేలెడు పొట్టి చేశావో, జైలే," అనేవాడు మెజియాన్. "ఇక్కడ మడమ మారిస్తే, కాయితంలో ఉన్న తుపాకీ ఇది కాదంటారు."

"మరి ఓడలో తెచ్చేటప్పుడు?"

"నడి సముద్రంలో ఏ చట్టమో చేపలకే తెలియాలి."

తర్వాత ఆ పాడు కాలం వచ్చిపడింది. ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపుతున్నాడో తెలియని కాలం. తుపాకులన్నీ అప్పగించమని ప్రభుత్వం హుకుం జారీచేసింది. ఊరు ఊరంతా కిందకు దిగి వరుసలో నిలబడి తుపాకులిచ్చి రసీదులు తెచ్చుకుంది. మైదానం నుంచి వచ్చిన గుమాస్తా మెజియాన్ తుపాకీని అటూ ఇటూ తిప్పి, పుస్తకంలో "మడమ విరిగినది" అని రాసుకున్నాడు.

"విరగలేదయ్యా, వంకర! చేయించుకున్న వంకర!" మెజియాన్ మొత్తుకున్నాడు.

"విరక్కుండా వంకరెట్లా వస్తుంది, పెద్దాయనా? సంతకం పెట్టండి."

పెట్టాడు. వారం తిరక్కుండా మళ్లీ ఫ్రాన్సు వెళ్లిపోయాడు. వ్యాన్ ఎక్కుతూ, "తుపాకీ వచ్చిన రోజు నేనూ వస్తా. అప్పటిదాకా నా దారం జాగ్రత్త," అన్నాడు. బుసాద్ ఆ మాటను దాచుకున్నాడు. పద్దెనిమిదేళ్లు దాచుకున్నాడు.

తుపాకులు పోయాక ఊరు పందులదైపోయింది. బంగాళాదుంప మళ్లు, అంజూర తోటలు, చివరికి శ్మశానం గట్లు కూడా తవ్విపోశాయి. జనం రేకు డబ్బాలు వాయించి తరిమేవారు. పందులు కాసేపు విని, మళ్లీ పనిలో పడేవి. బుసాద్ గరిటెలు, మగ్గం దువ్వెనలు చెక్కుకున్నాడు. భార్య తసాదిత్ ఒక చలికాలం జ్వరంతో పోయింది. మగ్గం మీద సగం నేసిన దుప్పటి, పక్కనే ఆవపువ్వు రంగు ఉన్ని ఉండ మిగిలాయి. పిల్లలు లేరు. మేకుల మీద దారాలు అరవై ఉండేవి, ఒక్కటొక్కటే పొయ్యిలోకి పోయి ఏడు మిగిలాయి. ఒంటరితనం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే అతను చెప్పలేడుగానీ, ఆ ఖాళీ మేకుల్ని రోజూ తుడిచేవాడు.

ప్రతి శుక్రవారం మెజియాన్ ఫోన్ చేసేవాడు.

"తుపాకీ వచ్చిందా?"

"రాలేదు."

"సరే. పందులు బాగున్నాయా?"

"నీకంటే బాగున్నాయి."

అంతే మాట. ఆ వారానికి అది చాలు.

పద్దెనిమిదో ఏడు వసంతంలో, తుపాకులు తిరిగిస్తారని ప్రభుత్వ కార్యాలయం గోడ మీద జాబితా అంటించారు. బుసాద్ కళ్లజోడు తుడుచుకుని మూడుసార్లు చదివాడు. మెజియాన్ పేరు ఉంది. పక్కన "విరిగినది" అని ఉంది. అడుగున ఇంకో ముక్క: విరిగినవి ఈ నెలాఖరుకి కరిగించబడును, యజమాని స్వయంగా వచ్చి గుర్తించనిచో. ఫోన్ కోసం శుక్రవారం దాకా ఆగలేదు, తనే చేశాడు.

"వచ్చిందిరా! కానీ నువ్వు రావాలి. నెలాఖరులోపు."

"వస్తా," అన్నాడు మెజియాన్. "మాటిచ్చాగా."

బుసాద్ ఇంట్లో ఇంకో మంచం వేశాడు. కొత్త దుప్పటి ఎండలో పరిచాడు. తుపాకీ కోసం వచ్చినవాడు మళ్లీ ఎందుకు పోతాడని అతని ధీమా. ఇద్దరు ముసలాళ్లు, ఒక గడప, ఒక వంకర తుపాకీ, అంతకంటే ఏం కావాలి?

వ్యాన్ వచ్చింది. మెజియాన్ డ్రైవర్ భుజం పట్టుకుని దిగాడు. దిగి, ఎదురుగా ఉన్న బుసాద్‌ని దాటి, గోడ వైపు చెయ్యి చాపాడు.

"ఇటురా, ఇటు ఉన్నా," అన్నాడు బుసాద్. అన్నాక అర్థమైంది. "ఎప్పట్నుంచి?"

"నాలుగేళ్లు. ఎడమ కన్ను కూడా చెక్కేసిందిరా. ఫోన్లో కనపడదు కదాని చెప్పలేదు."

"ఓరి దొంగ సచ్చినోడా!" అని తిడుతూనే బుసాద్ అతన్ని కావలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. డ్రైవర్ మొహం తిప్పుకుని సిగరెట్ ముట్టించాడు.

మర్నాడు పొద్దున్నే కార్యాలయానికి వెళ్లారు. అక్కడున్నవాడు కుర్రాఫీసరు, మర్యాదస్తుడు. విరిగిన తుపాకుల గుట్టంతా వెతికించాడు, మెజియాన్ తుపాకీ కనపడలేదు. అన్నీ నిజంగానే విరిగినవి.

"లేదండీ పెద్దాయనా. బహుశా పోయింది."

"అది విరగలేదు బాబూ," అన్నాడు బుసాద్. "బాగున్న వాటిలో చూడండి."

బాగున్నవి మూడొందలు. గోడకు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. బుసాద్ కళ్లు దాన్ని ఎప్పుడో పట్టేశాయి, కిటికీ కింద ఉన్నవాటిలో నాలుగోది. కానీ ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు కాదు. నంబరు మేం తర్వాత చూస్తాం, ముందు గుర్తించాల్సింది యజమాని."

"యజమానికి కళ్లు లేవు బాబూ."

"నాకు దవడ ఉందిగా," అన్నాడు మెజియాన్.

ఒక్కొక్కటే చేతికిచ్చారు. భుజాన ఆనించి, దవడ వాల్చి, కాదు, కాదు అంటూ పోయాడు. గుమాస్తాలు నవ్వుకున్నారు. ముప్పై దాటాయి, నలభై దాటాయి. బుసాద్ కిటికీ వైపు చూడకుండా నిలబడ్డాడు. యాభై ఒకటోది భుజాన పెట్టగానే మెజియాన్ తల వాలలేదు. తల ఎలా ఉందో అలాగే ఉంది, చెక్కే వచ్చి దవడకు అంటుకుంది.

"ఇదిరా," అన్నాడు. ఆ గదిలో నవ్వేవాళ్లు లేకపోయారు.

ఆఫీసరు సంతోషించాడు, కాయితాలు తీశాడు, ఆ తర్వాత తల గోక్కున్నాడు. లైసెన్సు కొత్తగా రాయాలి. దానికి కంటి డాక్టరు సంతకం కావాలి. చూపు లేనివాడి పేరున రాయడానికి వీల్లేదు. బుసాద్ పేరున రాద్దామంటే అతనికి పుట్టిన్నాటి నుంచీ లైసెన్సే లేదు, డెబ్భై మూడేళ్ల వాడికి కొత్తగా ఇవ్వరు.

"అయితే కరిగిస్తారా?" అడిగాడు మెజియాన్.

ఆఫీసరు పుస్తకం తిరగేశాడు, ముందుకీ వెనక్కీ. "గొట్టానికి నంబరుంది. మీటకి నంబరుంది," అన్నాడు నెమ్మదిగా. "చెక్కకి నంబరు లేదండీ. చెక్క చట్టంలో లేదు."

బుసాద్ జేబులోంచి మర తిప్పేది తీశాడు. తన మరలు తనకు తెలుసు. మూడు మరలు విప్పి, ఇనుమును ప్రభుత్వానికి వదిలేసి, వంకర చెక్కను సంకలో పెట్టుకుని బయటికొచ్చారు.

మూడు రోజులు గడప మీద కూర్చున్నారు. మెజియాన్ ఆ చెక్కను దవడకు ఆనించుకుని, పందుల మీద నోటితోనే ఢాం అని పేల్చేవాడు. మూడో రోజు, "ఎల్లుండి వ్యాన్ ఎన్నింటికి?" అన్నాడు.

బుసాద్ చేతిలోని అంజూరం పక్కన పెట్టేశాడు. "ఎల్లుండేంటి? ఉండిపోవా? మంచం వేశా కదరా. నాకెవరున్నారు? పద్దెనిమిదేళ్లుగా నీ కోసమే కూర్చున్నా, తెలుసా నీకు?"

"తెలుసు. అక్కడ మెట్లు పదిహేడు, పంపు ఎడం పక్క, కళ్లల్లో మందు వేసే పిల్ల పొద్దున్నే వస్తుంది. ఇక్కడ నీ చెయ్యి వదిలితే లోయలో ఉంటా."

"వదలను."

"నువ్వు ముందు పోతేనో?"

కాసేపటికి మెజియాన్ తడుముకుంటూ గోడ దగ్గరకు వెళ్లి మేకుల మీద చెయ్యి వేశాడు. "ఎర్రది ఉందా నాది?"

"ఉంది. నీ చెయ్యి దాని మీదే ఉంది."

"నీదేది?"

"నాకెక్కడిది? ఎవరు కొలిచారు నన్ను?"

మెజియాన్ ఇటు తిరిగాడు. "ఊరందర్నీ కొలిచావు, నిన్ను కొలిచినోడు ఒక్కడూ లేడూ? సిగ్గులేదట్రా మాకు? దారం తే!"

ఇంట్లో మగ్గం పక్కన ఆవపువ్వు రంగు ఉండ ఉంది, తసాదిత్ వడికినది. బుసాద్ బారెడు తెంపి తెచ్చాడు. మెజియాన్ అతన్ని నిలబెట్టి, భుజం గుంటలో దారం కొస నొక్కిపెట్టి, చేత్తో చూసుకుంటూ పోయాడు. మోచేతి దగ్గర ఒక ముడి, వేలి దగ్గర ఒక ముడి, దవడ దగ్గర ఒక ముడి. కంటి దగ్గరకొచ్చి ఆగాడు.

"తడిగా ఉందేంట్రా?"

"చెక్కపొడి పడింది."

"మూడు రోజుల్నుంచీ చెక్కిందే లేదు, పొడెక్కడిది?" అని నాలుగో ముడి వేశాడు. దాన్ని మేకుకు తగిలించలేదు, చుట్ట చుట్టి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఇది నాతో వస్తుంది. నువ్వు పోయావని తెలిసిన రోజు నేను కాలుస్తా. నేను పోతే నాది నువ్వు కాల్చు. చెక్క నీ దగ్గరే ఉండనీ."

వ్యాన్ వచ్చింది, మెజియాన్‌ని తీసుకుపోయింది. బుసాద్ వంకర చెక్కను ఎర్ర దారం పక్క మేకుకు తగిలించాడు. రెండో మంచం తీయలేదు.

శుక్రవారం ఫోన్ మోగింది. తుపాకీ వచ్చిందా అని అడగడానికి ఇక తుపాకీ లేదు.

"దారం ఉందా?" అన్నాడు మెజియాన్.

"ఉంది. నాదో?"

"మంచం కోడుకి కట్టుకున్నా. చేతికి తగిలేట్టు."

అంతే మాట. అయినా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు.