తూము దగ్గర హుసేనవ్వ

నిన్న మా కోడలు పప్పుకు తిరగమోత వేస్తూ ఇంగువ డబ్బా మూత తీసింది. నడవలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న నాకు ఆ వాసన తగలగానే గుర్తుకొచ్చింది పప్పు కాదు, కాలువ. ఒండ్రుమట్టి, తుంగగడ్డి, ఎండకు కాగిన తూము రాళ్ళు, ఆ రాళ్ళ మీద గొంతుక్కూర్చుని అరచేతిలో జొన్నపిండిని ఇంగువ నీళ్ళతో ముద్ద చేస్తున్న ఒక ముసలామె. మా ఇంట్లో పండగనాడు కూడా ఇంగువ ఉండని రోజులవి. చేపలకు పెట్టే ఇంగువ మనుషులకు పెట్టకూడదా అని మా అత్త సణిగేది. ఆ మాట వెళ్ళి చెబితే ముసలామె పిండి పిసకడం ఆపకుండానే, "మీ అత్తకు పెడితే నాకేమొస్తాది? గాలానికి తగులుకుంటాదా?" అంది.

ఆమె పేరు హుసేనమ్మ. ఊరంతా హుసేనవ్వ అనేవాళ్ళం. దూదేకులవాళ్ళు. కొడుకూ కోడలూ పగలంతా దూది ఏకేవాళ్ళు. దూది ఏకే ఆ వింటి తంతి మోత కాలువ గట్టు దాకా వినిపించేది. వాళ్ళు కాపురముండే కొట్టం ఆ గట్టు కిందే, సర్కారు పోరంబోకులో ఉండేది. చేతులకు వణుకు వచ్చి వింటి పని మానుకున్నాక అవ్వ గాలం పట్టింది. కర్రను మోకాలికి ఆనించి పట్టుకుంటే వణుకు నీళ్ళ దాకా పోదని చెప్పేది. వెదురు కర్ర, నూలు దారం, నీళ్ళ మీద తేలడానికి ఒక జొన్న బెండు, గాలానికి పైన జానెడు పాత తంతి ముక్క, జెల్ల చేప కొరికినా తెగకుండా. అంతే ఆమె సామాను. పట్టిన చేపలు అమ్మేది కాదు. ఇంటికి రెండు ఉంచుకుని, మిగిలినవి దారిలో ఎదురుపడిన వాళ్ళ చేతిలో పెట్టేది. ఏమీ పడని రోజున కూడా కొంగు దులుపుకుని, చేతినిండా పని చేసి వచ్చిన మనిషిలాగానే ఇంటికి నడిచేది.

నేను ఆలూరు దిక్కు మెట్ట పల్లె నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో నీళ్ళంటే లోతు బావిలోంచి రెక్కలు పడిపోయేలా చేదుకునేవే. కర్నూలు నుంచి కడప దాకా పారే కాలువ మొదటిసారి చూసినప్పుడు కడవ ముంచడానికి కూడా భయమేసి గట్టు మీదే నిలబడిపోయాను. తూము మీద నుంచి కేక వినిపించింది.

"ఏమ్మీ, నీళ్ళు కరుస్తాయనుకున్నావా? యా ఊరు మీది?"

"ఆలూరు దిక్కవ్వా."

"అట్ల చెప్పు. కన్నీళ్ళు తప్ప ఏరే నీళ్ళు సూడని దిక్కు. రా, ఈడ కూచో. కడవ యాడికీ పోదులే."

అలా కూర్చున్నాను. ఆ తరువాత నీళ్ళకు వెళ్ళిన ప్రతిసారీ కొంచెంసేపైనా కూర్చునేదాన్ని. ఆడది గాలం వేసుకుని కూర్చోవడం ఊళ్ళో వాళ్ళకు వేడుకగా ఉండేది. తూము పలకలు ఎత్తి దించే కాలువ లస్కరు అటు వచ్చినప్పుడల్లా, "ఏమవ్వా, ఏనుగేమైనా పడిందా?" అని అడిగేవాడు. "నువ్వు పక్కకు జరుగప్పా. నీ నీడ జూసి ఏనుగులు బెదురుతాండాయి," అని అవ్వ బెండు మీద నుంచి చూపు తిప్పకుండా జవాబు చెప్పేది. అతను నవ్వుకుంటూ పోయేవాడు. గాలం వేయడానికి కాలువవాళ్ళ అభ్యంతరం ఉండేది కాదు. తూములో ఏమైనా అడ్డం పెట్టడం, ఎండ్రకాయల కోసం గట్టు తవ్వడం మాత్రం నేరం.

ఒకరోజు అవ్వ కర్ర నా చేతికిచ్చింది. బెండు మునగగానే ఉన్న బలమంతా పెట్టి లాగాను. ఎరను కరుచుకుని వేలాడుతూ ఒక ఎండ్రకాయ వచ్చి నా ఒడిలో పడింది. నేను అరిచిన అరుపుకు అవతలి గట్టు మీద ఎనుములు తలలెత్తి చూశాయి. అవ్వ దాన్ని వెనక నుంచి రెండు వేళ్ళతో పట్టి వెల్లకిలా తిప్పింది. పొట్ట మీద రేకులాంటి మూత ఉంది. పుల్లతో దాన్ని కాస్త ఎత్తి, "సూడు" అంది. జొన్నగింజలంత పిల్లలు గుంపుగా ఉన్నాయి, కాళ్ళు కదుపుతూ.

"బాలింత ఇది. దీన్ని చారు కాస్తే నీ ముక్కు దిబ్బడ పోతాది, వచ్చే ఏటికి కాలవలో ఎండ్రకాయలూ పోతాయి."

"మగదైతేనో?"

"మగదైతే తినొచ్చు. మగోళ్ళు ఇద్దరు ముగ్గురు తగ్గినా లోకం నడుస్తాది," అని ఆ తల్లిని నీళ్ళ అంచున దించింది. అది పక్కకు పక్కకు నడిచి రాళ్ళ సందులోకి పోయింది.

నేను వచ్చిన ఐదో ఏట వానలు మొహం చాటేశాయి. మాది మెట్ట సేద్యం. కాలువ ఊరి పక్కనే పారుతున్నా ఆ నీళ్ళు మా చేలకు ఎక్కవు. జొన్న మోకాలెత్తులోనే ఎండిపోయింది. మా ఆయనకు వెదురు బుట్టలు అల్లడం వచ్చు. లోపలికి పోవడమే కానీ బయటికి రాలేని మూతి పెట్టి ఐదు బుట్టలు అల్లాడు. పొద్దు గూకే వేళ వాటిని తూము నోట్లో, నీళ్ళు ఒరుసుకుని పారే చోట దించేవాడు. తెల్లారేసరికి బుట్టల నిండా ఎండ్రకాయలు. జలుబుకూ బాలింతలకూ మంచిదని కర్నూలు పేటలో బాగా పోయేవి. తల్లులు, పిల్లలు, అన్నీ అందులోనే. నేను ఆ ఎండ్రకాయల చారుతో సంగటి తిన్నదాన్నే. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, ఆకలి అలాంటిది.

అవ్వకు తెలిసిపోయింది. ఊళ్ళో ఎవరితోనూ అనలేదు. నేరుగా మా గడపకు వచ్చి, నేను చేట పట్టుకుని చూస్తుండగానే, మా ఆయనతో చెప్పింది.

"ఏమప్పా, నీ బుట్టల్లో తల్లులను నేను వదిలేసినా. బుట్టలు ఆడే పెట్టినాలే. ఆకలికి పట్టుకుంటాండావు, నేను తప్పనను. గాలం ఎయ్యి, చేత్తో పట్టు. తూములో మాత్రం వద్దు. కిందోళ్ళకు నీళ్ళు తగ్గుతాండాయి."

"నీ పని నువ్వు సూసుకోవ్వా," అన్నాడు ఆయన.

"అదే సూసుకుంటాండా," అని ఆమె వెళ్ళిపోయింది.

పది రోజులకు కింది మళ్ళవాళ్ళు నీళ్ళు రావడం లేదని మొరపెట్టుకున్నారు. లస్కరు తూములో దిగి ఐదు బుట్టలూ తీసి గట్టు మీద పడేశాడు. మధ్యాహ్నానికి కాలువ ఓవర్సీరు, కరణం వచ్చి విచారణ మొదలుపెట్టారు. మా ఆయన ఇంట్లో లేడు. నీళ్ళకు వచ్చిన నన్ను పిలిచి, "రోజూ ఈ తూము దగ్గర కూర్చునేది ఎవరు?" అని అడిగారు. బుట్టలు ఎవరివని అడగలేదు కదా, అడిగినదానికి చెబితే అబద్ధం కాదు కదా అనుకున్నాను. "హుసేనవ్వ సామీ" అన్నాను. కరణం ఏదో రాశాడు. ఎండ మండిపోతోంది, అందరూ తొందరలో ఉన్నారు. సిరా పూసిన బొటనవేలు కాగితం మీద ఒత్తి, ఆ వేలిని కాలువలో కడుక్కుని, కడవ నింపుకుని ఇంటికొచ్చాను. తప్పించుకున్నామనే అనుకున్నాను.

మరునాడు లస్కరు అవ్వ కర్ర పట్టుకుపోయాడు. ఈసారి ఏనుగు మాట ఎత్తలేదట. బుట్టలు పెట్టింది ఆమేనని సాక్ష్యం ఉందనీ, మూడోనాడు కాలువ బంగళా దగ్గర విచారణకు రావాలనీ, నేరం రుజువైతే పోరంబోకులో ఉన్న కొట్టం తీయించేస్తారనీ చెప్పి పోయాడు. అవ్వ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ గడప బయటే నిలబడే మనిషి లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఏం చెప్పినావమ్మీ?"

"రోజూ కూచునేది నువ్వని చెప్తినవ్వా. అంతే."

"కాగితంలోనూ అంతే ఉండాదా?"

"నాకేం తెలుసవ్వా, నాకు సదువు రాదు."

"నాకు మాత్రం వచ్చునా? ఏలు పెట్టే ముందు రెండు తూర్లు సదివించుకుంటా. ఇసుక్కుంటారు. ఇసుక్కోనీ. సదువు వాళ్ళది, ఏలు మనది."

గట్టిగా తిట్టి ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్నేమో. ఆమె తిట్టలేదు. కొడుకు విల్లు, కోడలు నిండు నెలలు, కొట్టం మీద మొన్ననే కప్పిన బోదగడ్డి, వాటి గురించి కాసేపు మాట్లాడి, మంచినీళ్ళు తాగి వెళ్ళింది.

ఆ రోజంతా మా ఆయనతో పోట్లాడాను. "నీ బుట్టలకు ఆ ముసలమ్మ కొట్టం పోతాది," అన్నాను. "నేను ఒప్పుకుంటే నన్ను కట్టేసి తీసుకుపోతారు. నువ్వూ బిడ్డా ఏం తింటారు?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఆ భయం నాకూ ఉంది. చివరికి, "నీ సంగతి నువ్వు సూసుకో. నేను నా ఏలు సంగతి సూసుకుంటా," అని చెప్పి, మూడోనాడు బిడ్డను చంకనేసుకుని అవ్వ వెంట బంగళాకు నడిచాను. కొంతదూరం పోయాక వెనక్కి చూస్తే ఆయన కూడా వస్తున్నాడు, చాలా వెనకగా, అటు వెళ్ళే పని వేరే ఏదో ఉన్నట్టు.

ఓవర్సీరు బల్ల ముందు బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాను. "సామీ, నేను ఏలు పెట్టిన కాగితం సదవండి," అన్నాను. కరణం చదివాడు. 'హుసేనమ్మ అను ఆమె ప్రతిదినము తూము వద్ద ఉండి బుట్టలు వేయుచుండగా నేను చూచితిని' అని ఉంది అందులో.

"బుట్టల మాట నేను చెప్పలేదు సామీ. కూచుంటాదని మాత్రమే చెప్పినా."

"మరి బుట్టలు ఎవరివి?" అన్నాడు ఓవర్సీరు.

నేను బిడ్డ నెత్తి నిమురుతూ నిలబడ్డాను. మా ఆయన పేరు నా నోట రాలేదు. ఓవర్సీరు అవ్వ వైపు తిరిగి, "నీకు తెలుసా?" అని గద్దించాడు.

"తెలుసు దొరా."

"చెప్పు మరి."

"చెప్పను. ఆ బుట్టలాయప్ప ముఖానే నేను చెప్పాల్సింది చెప్పినా. ఇప్పుడు మీ ముఖాన చెప్పాల్సింది ఆయప్ప. నేను గాదు."

"కొట్టం పోతుంది, తెలుసా?"

"తెలుసు దొరా," అంది అవ్వ. గొంతు మారలేదు కానీ, మోకాలి ఆసరా లేక చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులను నేను చూశాను. వెనక నిలబడిన మా ఆయన కూడా చూశాడు. తలగుడ్డ తీసి ముందుకు వచ్చాడు. "నావే సామీ," అన్నాడు.

మేము భయపడినంత జరగలేదు. కింది మళ్ళ దాకా కాలువలో తుంగ పీకి, పూడిక తీయమన్నారు. మా ఆయన నెల రోజులు కూలి లేకుండా ఆ పని చేశాడు. అవ్వ మీది కేసు కొట్టేశారు. కొత్త కాగితం రాశాక కరణం సిరా బుడ్డి నా వైపు జరిపాడు. నేను వేలు చాపలేదు. "సదవండి సామీ," అన్నాను. చదివాడు. "ఇంకో తూరి," అన్నాను. కరణం కళ్ళెర్రజేశాడు. అవ్వ గట్టిగా దగ్గింది. రెండోసారి చదివాడు.

కర్ర తిరిగి వచ్చిన నాడే మా ఆయన వెళ్ళి అవ్వ పక్కన తూము మీద కూర్చున్నాడు. గాలం వేయడం నేర్చుకోవడానికి ఆయనకు నాకన్నా ఎక్కువ రోజులు పట్టింది. "బుట్టలకు అలవాటైన చెయ్యి, తొందర శానా," అని అవ్వ వెక్కిరించేది.

నలభై ఏళ్ళ వయసులో, మా కూతురు బడినుంచి తెచ్చిన పలక మీద అక్షరాలు దిద్దుకున్నాను. అప్పటికి అవ్వకు చూపు బాగా తగ్గింది. కాలువవాళ్ళు తూము గోడకు ప్రకటన అంటించారని విని నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. తూములలో బుట్టలుగానీ వలలుగానీ వేయరాదని కూడబలుక్కుంటూ చదివాను.

"గాలం మాట ఉండాదా?"

"లేదవ్వా."

"సరిగ్గా సూడు."

సరిగ్గా చూశాను, లేదు. "అయితే ఎర కలుపు," అంది. ఆమె విన్న నా మొదటి చదువు అదే. మరుసటి చలికాలంలో అవ్వ పోయింది.

పోయిన ఎండాకాలంలో తూము నోట్లో మళ్ళీ బుట్టలు పడ్డాయి. పెట్టింది మా వీధి చివర గంగప్ప అని తెలుసుకుని ఆడవాళ్ళంతా నా దగ్గరికి వచ్చారు, ఓవర్సీరుకు అర్జీ రాయమని. రాశాను. ఐదు బుట్టలనీ, గంగప్ప పేరూ కూడా రాశాను. కానీ దాన్ని టపాలో వేయలేదు, తీసుకుని గంగప్ప ఇంటికి వెళ్ళాను. అతను పశువుకు నీళ్ళు పెడుతున్నాడు.

"కూచో గంగప్పా. నీ మీద ఒక కాగితం రాసినా. నువ్వు వినకుండా పోగూడదని తెస్తి."

నేను చదువుతుంటే అతను కుడితి బాన పక్కనే నిలబడి మొదటినుంచి చివరి దాకా విన్నాడు. తరువాత, "ఐదు గాదు పెద్దమ్మా, మూడే బుట్టలు," అన్నాడు.

నేను చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, ఐదు కొట్టేసి మూడు అని రాశాను. గంగప్ప ఆ దిద్దుబాటు వైపు కొంచెంసేపు చూసి, పంచె ఎగగట్టి, బుట్టలు తీయడానికి కాలువ వైపు నడిచాడు.