మెమరీ దొరకనప్పుడు

2002 వర్షాకాలంలో నేను రాజమండ్రిలో, మా కంపెనీ సర్వీసు విభాగంలో సీనియర్ ఇంజనీరుగా ఉన్నాను. ఫ్యాక్టరీల్లో గ్యాసు, వేడి, పీడనం కొలిచే సెన్సర్లను కంప్యూటర్‌కు కలిపే కార్డులు మేం తయారుచేసేవాళ్ళం. కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలబడి మాట్లాడించే చిన్న ప్రోగ్రామును డివైస్ డ్రైవర్ అంటారు. అదీ మాదే. దాన్ని రాసేవాళ్ళు హైదరాబాదులో ఉండేవారు. అది మొరాయిస్తే తిట్లు తినేవాళ్ళం రాజమండ్రిలో ఉండేవాళ్ళం.

నరసాపురం వైపు మా కార్డు వాడే ఒక రొయ్యల ఎగుమతి ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగిందని, వెంటనే వెళ్ళి రమ్మని ఆర్డరు వచ్చింది. రొయ్యలు నిలవ చేసే కోల్డ్ రూములు అమ్మోనియాతో నడుస్తాయి. పైపు కారితే ఆ గ్యాసు ముందు కళ్ళు మూయిస్తుంది, ఆ తర్వాత ఊపిరి ఆపుతుంది. అందుకని ఉదయం పనిచేసే ఆడవాళ్ళు గదిలోకి వెళ్ళే ముందు సూపర్‌వైజరు కంట్రోల్ రూముకు ఫోను చేసి అడగాలి. ఆపరేటరు తెర చూసి చెప్పాకే తలుపు తీయాలి. ఆ రోజు ఆపరేటరు వీర్రాజు బాగానే ఉంది, వెళ్ళొచ్చు అన్నాడు. తలుపు తీసి, ట్రేల బండి తోసుకుంటూ అందరికంటే ముందు లోపలికి వెళ్ళిన నాగమణి బతికి బయటికి రాలేదు. వెనకున్నవాళ్ళు ఆమెను లాగబోయి, కళ్ళు కనబడక వెనక్కి పరుగెత్తారు. నాగమణి వీర్రాజుకు సొంత అన్న భార్య. ఆమెకు ఆ పని ఇప్పించింది కూడా అతనే.

నేను వెళ్ళేసరికి అంతా తేలిపోయినట్టే ఉంది. ప్రమాదం జరిగిన రోజే ఫ్యాక్టరీ మేనేజరు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేసి, అమ్మోనియాలో ముంచిన దూదిని సెన్సర్ దగ్గర పెట్టించాడు. తెర ఎర్రబడింది, గంట మోగింది. యంత్రం బాగుంది కనక తప్పు మనిషిదే. వీర్రాజు కూడా కాదనలేదు. షిఫ్టు చివర కునుకు పట్టి ఉంటుందనీ, ఫోను మోగితే తెర చూడకుండానే చెప్పేసి ఉంటాననీ ఒప్పుకుని సంతకం పెట్టాడు. పోలీసులు కేసు రాశారు. అన్న అతని మొహం చూడ్డం మానేశాడు. మా జనరల్ మేనేజరు హైదరాబాదు నుంచి ఫోనుచేసి, ఆ ఒప్పుకోలు నకలు తీసుకుని వచ్చేయమన్నారు. కార్డు జోలికి వెళ్ళొద్దన్నారు.

నకలు తీసుకున్నాను. కానీ ఆ ఆపి మళ్ళీ వేయడమే నాకు మింగుడు పడలేదు. మనవాళ్ళకు టీవీ దగ్గర్నుంచి టర్బైను దాకా ఏది మొండికేసినా ఆపి మళ్ళీ వేయడమే వైద్యం. దాంతో జబ్బుతో పాటు జబ్బు ఆనవాలు కూడా పోతుంది. ప్రమాదానికి ముందు కంప్యూటర్ ఎన్నాళ్ళుగా నడుస్తోందని అడిగాను. వేసవిలో పెద్ద యూపీఎస్ పెట్టించామనీ, అప్పట్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదనీ మేనేజరు గర్వంగానే చెప్పాడు. అంతకుముందు కరెంటు పోయినప్పుడల్లా, అంటే దాదాపు రోజూ, ఆగి మళ్ళీ మొదలయ్యేదట.

డ్రైవర్ సోర్సు కోడు నా దగ్గరున్న సీడీలో ఉంది. గెస్ట్ హౌసులో కూర్చుని చదివాను. సెన్సర్ నుంచి కొలత వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ సిస్టమ్‌ను కొంత మెమరీ అడుగుతుంది. అది మామూలు మెమరీ కాదు. నాన్‌పేజ్డ్ పూల్ అని, డిస్కు మీదికి నెట్టకుండా ఎప్పుడూ ర్యామ్‌లోనే ఉంచే పరిమితమైన నిల్వ. పెళ్ళికి అద్దెకు తెచ్చిన వంటగిన్నెల్లాగా, పని కాగానే తిరిగి ఇచ్చేయాలి. మా డ్రైవర్ సరైన కొలత వస్తే ఇచ్చేస్తోంది. కంప్రెసర్ మోటారు మొదలైనప్పుడు తీగలో అలజడి పుట్టి కొలత చెడిపోతే మాత్రం, కొలతను పారేసి మెమరీని అట్టే పెట్టుకుంటోంది. కరెంటు పోయినప్పుడల్లా ఆ లెక్క చెరిగిపోయేది. యూపీఎస్ వచ్చాక పేరుకుపోయింది.

ఇంతవరకూ ఎవరైనా చేసే పొరపాటే. ఆ కింది వరుసలు చదివాక నాకు ఒళ్ళు మండింది. మెమరీ ఇక లేదని సిస్టమ్ చెప్పినప్పుడు ఏం చేయాలో కూడా రాశారు. చివరిగా వచ్చిన మంచి కొలతనే మళ్ళీ పైకి పంపి, అంతా సవ్యంగా ఉందని చెప్పమని రాశారు. తెర మీద ఎర్రర్ కనబడితే కొన్నవాళ్ళు గోల చేస్తారని కాబోలు.

మర్నాడు మేనేజరును, కేసు చూస్తున్న ఎస్సైని పిలిపించాను. వీర్రాజును కూడా రమ్మని పట్టుబట్టాను. సెన్సర్ తీగకు ఉన్న ఎర్తింగు వదులు చేసి, చెడ్డ కొలతలు గుంపులుగా వచ్చేట్టు చేశాను. పూల్‌లో మెమరీ అంతా అయిపోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అప్పుడు దూది పెట్టించాను. పట్టుకున్న ఫిట్టరు కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. తెర పచ్చగానే ఉంది. సెన్సర్ పాడైందేమో అన్నాడు మేనేజరు. ఎర్తింగు బిగించి, కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేశాను. అదే సెన్సర్, అదే దూది. గంట మోగింది.

వీర్రాజు నలభై ఏళ్ళు దాటిన మనిషి. గోడకు ఆనుకుని తెర వంకే చూస్తున్నాడు. అతనికి పెద్ద బరువు దించానన్న సంతోషంతో దగ్గరికి వెళ్ళి, నువ్వు నిద్రపోలేదు, తెర చూసే చెప్పావు, అబద్ధం చెప్పింది మా కార్డు అన్నాను.

"అంటే మెలకువగానే ఉన్నానాండి?" అన్నాడు. ఔనన్నాను.

"నాకూ చూసినట్టే గుర్తండి. గంట మోగిందని ఆళ్ళు చూపించాక, కలేమో అనుకున్నాను. నిద్రపోయానంటే అదో రకంగా ఉండేదండి. ఇప్పుడు చూత్తా చూత్తా మా వదిన్ని పంపానన్నమాట."

 

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశాను. హైదరాబాదులో దాన్ని దిద్ది, సాంకేతిక లోపం అన్న రెండు మాటలు మిగిల్చారు. దిద్దని ప్రతిని సంతకంతో ఎస్సైకి ముందే ఇచ్చి ఉన్నాను కనక వీర్రాజు మీద కేసు నిలవలేదు. ఆ ఏడు నాకు రావాల్సిన ప్రమోషను రాలేదు. దీనికీ దానికీ సంబంధం లేదన్నారు. వీర్రాజు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. అన్నదమ్ములు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు.

చేతులు కాలాక డ్రైవర్‌ను మార్చారు. కావలసిన మెమరీ అంతా మొదలయ్యేటప్పుడే ఒక్కసారి తీసుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ వాడుతుంది. దొరక్కపోతే అసలు మొదలే కాదు. కొత్త కొలత రాకపోతే కొలత లేదని చెప్పి గంట మోగిస్తుంది. ఇవేవీ గొప్ప విద్యలు కావు. మొదటే చేయదగ్గ పనులు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు డ్రైవర్ తెచ్చి నా బల్ల మీద పెట్టినా ముందు ఒకటే అడిగేవాణ్ణి. మెమరీ దొరకనప్పుడు ఇది ఏం చెబుతుంది అని. చాలామంది అంత దూరం ఆలోచించలేదనేవారు. వాళ్ళు ఆలోచించుకుని వచ్చేదాకా నేను సంతకం పెట్టేవాణ్ణి కాదు.