హామర్ ఊళ్లో నేను చాచిన స్టీలు గ్లాసు

నేను రాజోలు దగ్గర ఒక బడిలో సోషల్ చెబుతాను. ఆఫ్రికా పాఠం వచ్చినప్పుడల్లా నీటిఏనుగుల గురించి కళ్లారా చూసినట్టే ఊదరగొట్టేదాన్ని. కిందటేడు ఒక పిల్ల లేచి, "మీరు చూసేరాండీ?" అని అడిగింది. తమ్ముడు రవి ఇథియోపియాలోని అర్బా మించ్‌లో లెక్చరర్. ఎన్నాళ్లుగానో రమ్మంటున్నాడు. జనవరి సెలవుల్లో బయల్దేరాను.

ముంబై మీదుగా అడిస్ అబాబా, అక్కణ్ణుంచి చిన్న విమానంలో గంటసేపు ప్రయాణిస్తే అర్బా మించ్. మర్నాడు ఉదయం ఏడింటికల్లా చామో సరస్సులో పడవెక్కాం. మొసళ్లు గట్టున తీరిగ్గా పడుకున్నాయి. నీటిఏనుగులు చెవులూ కళ్లూ మాత్రమే బయటపెట్టి మమ్మల్ని చూశాయి. ఆ తర్వాతి రోజు దక్షిణాన ఉన్న తుర్మీకి జీపులో దాదాపు ఎనిమిది గంటలు. ఖర్చంతా ఈ జీపు అద్దెలోనే ఉంది, ఇద్దరు ముగ్గురు కలిస్తే నయం.

తుర్మీ చుట్టూ హామర్ తెగవాళ్ల ఊళ్లు. పొద్దున్నే గైడు గాలెతో నడిచి వెళ్లాం. దారిలో ఎండిన ఏరు. ఆడవాళ్లు చేతుల్తో ఇసుక తవ్వి, ఊరిన నీళ్లు దోసిళ్లతో డబ్బాల్లోకి ఎత్తుతున్నారు. కాలవ గట్టున పుట్టిపెరిగిన నేను వింతగా చూస్తూ ఫొటోలు తీసుకున్నాను.

గాలెకి తెలిసినావిడ మమ్మల్ని గుడిసెలోకి పిలిచింది. జుట్టుకి వెన్నా ఎర్రమట్టీ పట్టించిన జడలు, నిండైన నవ్వు. కాఫీ గింజల పొట్టు మరిగించిన కషాయాన్ని సగానికి కోసిన ఆనపకాయ బుర్రలో పోసింది. అదే బుర్ర అందరి చేతులూ మారుతుంది, అక్కడి మర్యాద అది. నా వంతు వచ్చింది. నేను సంచీలోంచి స్టీలు గ్లాసు తీసి దూరంగా చాచాను. "పైనుంచి, పైనుంచి పొయ్యండి" అంటూ చేత్తో చూపించాను కూడా.

"అక్కా, ఎంత పని చేసేవు!" అన్నాడు రవి.

"ఏం చేసేన్రా? జబ్బులొస్తాయేమోనని..."

"నాయనమ్మకీ ఇలాగే పోసేవారు కదక్కా."

నాయనమ్మ కొత్తపేట వైపు ఒక ఆసామి పొలంలో కూలి. ఆవిడ కొబ్బరిచిప్ప వాళ్ల పశువులపాక చూరులో ఉండేది. ఆ ఇంటివాళ్లు ఎక్కడ తగులుతుందోనని గంజి పైనుంచి పోసేవారు. నాయనమ్మ ఆ మాట చెప్పినప్పుడల్లా నా ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు నా చెయ్యే అలా లేచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఈలోగా ఇంటావిడ ఇంకో బుర్ర తెచ్చి, డబ్బాలోని నీళ్లు వంచి కడగడం మొదలుపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"బుర్ర శుభ్రంగా లేదనుకున్నారని కొత్తది కడుగుతోంది. ఆ నీళ్లు పొద్దున్న ఏట్లో తవ్వి తెచ్చుకున్నవే" అన్నాడు గాలె.

"వద్దని చెప్పండి బాబూ!"

"చెప్పాను. అతిథి కదా అంటోంది."

గ్లాసు సంచీలో కుక్కేసి, అందరూ తాగిన ఆ మొదటి బుర్రే అడిగి తీసుకుని రెండు చేతుల్తో పట్టుకుని తాగాను. చేదుగా, పొగవాసనతో ఉంది. క్షమించమన్నానని గాలెతో చెప్పించాను. ఆవిడ నవ్వి మళ్లీ నింపింది. అసలు నేనేం చేశానో ఆవిడకి తెలియలేదు. తెలిసి తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

బడి తెరిచాక నీటిఏనుగుల గురించి గంటసేపు చెప్పాను. బుర్ర సంగతి చెప్పలేకపోయాను. అంటరానితనం పాఠం ఏటా చెప్పేది నేనే. ఈసారి ఆ పాఠం ఈ గ్లాసుతోనే మొదలుపెట్టాలి. మీరు వెళ్తే, తుర్మీలోనే పెద్ద డబ్బాతో మంచినీళ్లు కొని, వెళ్లిన ఇంట్లో ఇచ్చి రండి. గ్లాసు మాత్రం గదిలోనే వదిలేయండి.