లడ్డూగాడి బట్టతల

2023 చలికాలం. బర్మింగ్‌హామ్‌లో కుక్కలూ పిల్లులూ కాని పెంపుడు జంతువులను చూసే క్లినిక్‌లో నేను వెట్ నర్సుని. కుందేళ్లు, తాబేళ్లు, అప్పుడప్పుడూ షుగర్ గ్లైడర్లు వస్తుంటాయి. అరచేతిలో పట్టే ఈ జంతువుకి ముందుకాలి నుంచి వెనకకాలి దాకా సాగే చర్మం ఉంటుంది. కాళ్లు చాచి దూకిందంటే గాలిలో తేలిపోతుంది. ఆడదానికి కంగారూలాగే పొట్ట మీద సంచి. ఒంటరిగా ఉంచితే బెంగపెట్టుకుంటుంది. ఇది వచ్చిన రోజు నాకు డ్యూటీలా ఉండదు, పండగలా ఉంటుంది.

ఆ రోజు సుజాతగారు, ఆవిడ పదేళ్ల కూతురు నిత్య తమ షుగర్ గ్లైడర్ల జంటని తెచ్చారు. మగది లడ్డూ, ఆడది బూందీ. రెండూ వేరువేరు గుడ్డసంచుల్లో ఉన్నాయి.

“మీరు తెలుగోళ్లా? బతికిపోయిన,” అన్నారు సుజాతగారు. “లడ్డూగాడికి నడినెత్తి మీద జుట్టంత ఊడిపోయిందమ్మా. ఇంత చిన్న వయసుల బట్టతలేంది? రోజూ మల్లెవాసన కొబ్బరినూనె రాస్తున్న. అయినా వస్తలేదు. పైగా బూందీ వాన్ని దగ్గరికి రానిస్తలేదు, కరుస్తుంది.”

నిత్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. “డాడ్ సేస్ వి హ్యావ్ టు గివ్ లడ్డూ అవే,” అంది. ఇలాగే కొట్టుకుంటే లడ్డూని ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడట నాన్న.

సంచి తెరిచానో లేదో, లడ్డూ నా చేతి మీంచి తేలుతూ వెళ్లి సుజాతగారి కొప్పు మీద వాలాడు. అక్కడే ముక్కు పెట్టి హాయిగా సర్దుకున్నాడు. ఆవిడ తలకీ అదే నూనె! నాకు నవ్వాగలేదు. డాక్టర్‌గారు పరీక్ష చేసి తనూ నవ్వేశారు. విషయం తెలుగులో విడమరిచే పని నాకు పడింది.

“జబ్బు కాదండీ, వయసొచ్చింది. అక్కడ సెంట్ గ్లాండ్, అంటే వాసన వదిలే గ్రంథి ఉంటుంది. ఎదిగిన మగవాటికి ఆ చోట జుట్టు ఉండదు. ఆ తల రుద్దితేనే బూందీకి తనవాడని గుర్తు. మీరు మల్లెవాసన పూసేసరికి వీడెవడో అనుకుంది.”

“అయ్యో! వాళ్ల సంసారంల నేనే నిప్పులు పోస్తినా?” అని సుజాతగారు నెత్తి కొట్టుకున్నారు.

నూనె మానేయమన్నాం. గోరువెచ్చని తడిగుడ్డతో తల తుడవమని, బోన్లు పక్కపక్కన పెట్టి, ఒకదాని వాసన ఒకదానికి మళ్లీ అలవాటయ్యేలా పడుకునే సంచులు అటూఇటూ మార్చమని చెప్పాం. రెండు నెలలకి మళ్లీ చూపించడానికి వచ్చినప్పుడు రెండూ ఒకే సంచిలో, ఏ తోక ఎవరిదో తెలియనంతగా ముడుచుకుని నిద్రపోతున్నాయి.

“మమ్మీ, ఇగ ఎవ్వరికీ ఇయ్యం కదా?” అని నిత్య తెలుగులో అడిగింది.

“ఎట్లిస్తం బిడ్డా! డాడీ కూడా ఇయ్యొద్దన్నడు.”

అంతలో డాక్టర్‌గారు బూందీ పొట్టసంచిలో చిన్న ఉబ్బు చూపించారు. లోపల కూన ఉంది. నిత్య అరిచిన అరుపుకి బయట కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు.

ప్రేమ తక్కువై జబ్బుపడే జంతువులనే చూస్తాననుకునేదాన్ని. ప్రేమ ఎక్కువై వచ్చేవీ ఉంటాయని ఆ కేసుతో తెలిసింది. వాటిని బాగుచేసి ఇంటికి పంపడంలో ఉన్న సంతోషమే వేరు.